ఉలి పట్టిన స్థపతి: భాయి రామసింగు

మయమతమను వాస్తుగ్రంథము కట్టడమునకు నలుగురు పనివారు కావలయునని చెప్పుచున్నది. వారు స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. స్థపతి సర్వము నెఱిగి నిర్దేశించువాడు. సూత్రగ్రాహి అతని కుమారుడో శిష్యుడో అయి, త్రాడు పట్టి కొలతలు చూచువాడు. తక్షకుడు కొయ్యను, రాతిని, ఇటుకను చెక్కువాడు. అట్లు చెక్కిన వానిని కూర్చువాడు వర్ధకి. ఈ నాలుగు పేళ్లలో కడపటి రెండును గ్రంథములలో నిలిచిపోక జనుల నోళ్లలోనికి దిగినవి. తెలుగునాటి వడ్రంగి వర్ధకి శబ్దము నుండి వచ్చినవాడు. పంజాబునందలి తర్ఖాను సంస్కృత తక్షన్ శబ్దము నుండి వచ్చినవాడు. ఒకే పనివానికి మనవారు కూర్చుటను బట్టి పేరు పెట్టిరి, పంజాబీలు చెక్కుటను బట్టి పెట్టిరి.

శాస్త్రకారుని దృష్టిలో ఈ నలుగురును ఒకే నిచ్చెన మెట్లవంటివారు. క్రిందిమెట్టు నెక్కని వాడు పైమెట్టున నిలువజాలడు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఈ నిచ్చెన రెండుగా విరిగినది. 1847లో రూర్కీయందు ఇంజనీరింగు కళాశాల వెలసెను. 1854లో డల్హౌసీ ప్రభువు పబ్లిక్ వర్క్సు శాఖను ఏర్పఱచెను. రహదారులకు, కాలువలకు, వంతెనలకు ఆ శాఖ చేసిన మేలు నెవరును కాదనలేరు. కాని కట్టడముల విషయమున గీయుట యొకరి వంతు, కట్టుట మరియొకరి వంతు అయినది. కాగితముపై గీయువాడు ఇంజనీరు. పరంజాపై నిలుచువాడు మేస్త్రి. మేస్త్రి చేతిలోని విద్యకు షెడ్యూలు రేట్లలో కలము లేదు. చదరపు అడుగునకు ఇంత, ఘనపుటడుగునకు ఇంత అని లెక్కగట్టు మెజర్‌మెంటు బుక్కులో, తాతముత్తాతల నుండి వచ్చిన జ్యామితి ఏ పుటలో నెక్కును?

అట్టి కాలమున క్రిందిమెట్టు నుండి బయలుదేఱి పైమెట్టున నిలిచిన వాడొకడు పంజాబులో పుట్టెను. ఆయన పేరు భాయి రామసింగు. ఆయన చేయి సోకిన కట్టడములు లాహోరులోను, అమృతసరములోను నేటికిని నిలిచియున్నవి. ఆయన పేరు మాత్రము చాలకాలము మరుగుపడెను.

రామసింగు 1858లో గురుదాస్‌పూర్ జిల్లాయందు బటాలా పట్టణమునకు చేరువనున్న రసూల్‌పూర్ అను గ్రామమున, రామ్‌గఢియా సిక్కుల యింట జన్మించెను. ఆ కులనామమునకు చిన్న చరిత్ర కలదు. పదునెనిమిదవ శతాబ్దిలో జస్సాసింగు అను సేనాని అమృతసరమునందలి రామగఢ దుర్గమును బట్టి ఆ బిరుదును వహించెను. అతడు తర్ఖాను వంశీయుడగుటచే, తరువాతి కాలమున సిక్కు వడ్రంగులు ఆ పేరునే తమ కులనామముగా ధరించిరి. కావున రామ్‌గఢియా యని చెప్పుకొను వడ్రంగి తన చేతి ఉలితోపాటు ఒక కత్తిని కూడ స్మరించుచున్నాడన్నమాట.

బాలుడు అమృతసరమున కొయ్యపని నేర్చెను. జిల్లా డిప్యూటీ కమీషనరు భార్య పియానో చెడిపోగా, దొరల కంపెనీవారు కాదన్న దానిని ఈ పడుచువాడు బాగుచేసెననియు, అటనుండి ఆయన దశ తిరిగెననియు ఒక కథ ప్రచారమందున్నది. ఇట్టి కథ లేని శిల్పి యెచ్చటను లేడు. కథ నెట్లున్నను, ఆయన చేతి కలవడిన విద్య యేదో తెలిసికొనినచో ఆయన కట్టడములు తేటపడును.

పంజాబు తర్ఖానుల పనులలో మేటియైనది పింజరా. పింజరా యనగా పంజరము. కిటికీలకు, తలుపుల పైభాగములకు, మేడల ముందు వసారాలకు బిగించు కొయ్యజాలి అది. దక్షిణదేశమందలి జాలివలె పలకను తొలిచి చేసినది కాదు. సన్నని బద్దలను అంచుపై నిలిపి, గాడులు తీసి, ఒకదానిలో నొకటి ఇమిడ్చి, నక్షత్రములు, షట్కోణములు, అష్టకోణములు ఏర్పడునట్లు కూర్చెదరు. మేకు లేదు, సరేసు లేదు. ఒకదానినొకటి ఒత్తుకొనుట చేతనే బద్దలన్నియు నిలుచును. ఒక్క బద్ద వెండ్రుకవాసి తక్కువైనను ఆ మూల వదులై, నాలుగు దినములలో జాలియంతయు కదలును. అందుచేత తర్ఖాను పుష్పమునుండి పని నారంభింపడు, చట్రమునుండి ఆరంభించును. చట్రము కొలత తెలిసిన తరువాత, అందులో పుష్పము ఎన్నిమారులు నిండుగా పట్టునో విభజించును. అంచువద్ద నక్షత్రము సగమునకు సగముగా తెగవచ్చును గాని, ఎక్కడబడిన అక్కడ తెగరాదు. అట్లు తెగినచో చూచువారు నవ్వుదురు.

ఈ పనిలో చేయి తిరిగినవానికి మూడు సంగతులు రక్తములో జీర్ణించును. మొదటిది, పెద్దది చిన్నదానిచే నిశ్శేషముగ భాగింపబడవలెననుట. రెండవది, అతుకే పనికి ప్రాణమనుట. కడపటిదియు అన్నిటికంటె ముఖ్యమైనదియు నేమనగా, అలంకారమును తీసివేసినచో మిగులున దేమియు లేదనుట. పింజరాలో పుష్పము వేఱు, జాలి వేఱు కాదు. బలమిచ్చునదే అందమిచ్చుచున్నది. కట్టడము పూర్తియైన పిమ్మట దానికి నగలు పెట్టవలెనను తలంపు ఇట్టివానికి తోచదు.

1875లో లాహోరున మేయో కళాపాఠశాల స్థాపింపబడెను. 1872లో అండమానులందు హత్యకు గురియైన రాజప్రతినిధి మేయో ప్రభువు స్మారకమది. మొదటి ప్రిన్సిపాలు జాన్ లాక్‌వుడ్ కిప్లింగు. కవియు కథకుడునైన రడ్యార్డు కిప్లింగునకు తండ్రి యనియే లోక మాయనను ఎఱుగును. ఇది యాయనకు జరిగిన చిన్న అన్యాయము. ఆయన యౌవనమున స్టాఫర్డ్‌షైరు కుండల కర్మాగారమున పని నేర్చి, పిదప లండనులోని సౌత్ కెన్సింగ్టనున మట్టితో శిల్పములు మలచి, 1865లో బొంబాయికి వచ్చెను. అచ్చటి క్రాఫర్డు మార్కెటు ద్వారములపై నున్న శిల్పములు ఆయన చేతివే. అనగా గురువును చేతిపనివాడే. లాహోరు పాఠశాలలో తొలి విద్యార్థులలో నొకడుగా చేరిన తర్ఖాను కుఱ్ఱవానికి ఇట్టి గురువు లభించుట అదృష్టము. గ్రీకు విగ్రహముల పోతబొమ్మలను చూచి గీయించుట ఆనాటి కళాపాఠశాలల ఆచారము. కిప్లింగు తన శిష్యులను లాహోరులోని వజీర్‌ఖాను మసీదునకు పంపి, షాజహాను కాలపు గోడలపైని చిత్రరచనను, పింగాణిపలకల పనిని గీయించెను. రామసింగునకు చేతిలోనున్న జ్యామితి కాగితము మీదికి వచ్చినది అచ్చటనే. 1884లో వెలువడ నారంభించిన భారతీయ కళాపత్రికలో ఆయన గీసిన చిత్రములు అచ్చుపడెను. క్రమముగా ఆయన ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను.

విక్టోరియా రాణి మూడవ కుమారుడైన కన్నాటు డ్యూకు బాగ్‌షాటు పార్కునందలి తన భవనమున బిలియర్డు గదికి పంజాబు కొయ్యపని కావలెనని కోరెను. గురుశిష్యులు నమూనా సిద్ధపఱచిరి. పలకలు పంజాబులో చెక్కబడి ఓడలపై నింగ్లండునకు పోయెను. ఇది తర్ఖానునకు చేతనైన పనియే. దీనిని చూచి రాణి తానును అట్టి మందిరము నొకటి కోరెను. ఆ కోరిక రామసింగునకు క్రొత్త పరీక్ష యయ్యెను.

1891 జనవరిలో ఆయన వైట్ ద్వీపమందలి ఆస్‌బోర్న్ భవనమునకు చేరెను. అచ్చట కట్టబడుచున్న దర్బారు మందిరము సుమారు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు కలది. గోడలను, కప్పును కొయ్యతో గాక పోతపలాస్త్రితో అలంకరింపవలసియుండెను. పోతపనికి లండనులోని జాక్సన్ అండ్ సన్స్ అను సంస్థ నియమింపబడెను. రామసింగు కొయ్యలో మాతృకను చెక్కును; దానినుండి అచ్చు తీసి, పలాస్త్రిని పోసి, ఎన్ని కావలెనన్న నన్ని ప్రతులు తీయుదురు. పొయ్యిపైని నెమలి యొక్కదానికే 500 గంటల పని పట్టినదని చెప్పుదురు. ద్వారముపై గణపతి వెలసినాడు. ఇంగ్లండు రాణి విందుశాలకు విఘ్నేశ్వరుడు కావలి కూర్చుండుట వింతయే గాని, పని నిర్విఘ్నముగ సాగినది.

పోతపనిలో నొక చిక్కు కలదు. ఉలి వంకరగా లోనికి దూరి తొలిచిన చోట అచ్చు పట్టుకొని ఊడిరాదు. కొయ్యపనివాడు లోతులో చూపు నేర్పు ఇచ్చట పనికిరాదు. లోతు తగ్గించి, అంచుల వాడితోడనే నీడలు పుట్టింపవలెను. మఱియు ప్రతులు ప్రక్కప్రక్కన చేరునప్పుడు అతుకు కానరాకుండుటకు, పలక యంచు పుష్పము నేచోట తెంపవలెనో ముందుగనే తెలియవలెను. ఈ రెండవ చిక్కు పింజరా కూర్చినవానికి చిక్కే కాదు. ఆ గదిలో అలంకారము మితిమీరినదని చెప్పువారు కలరు, అది నిజమే. కాని అంత జనసమ్మర్దమువంటి అలంకారములోను ఏ పలక ఏ పలకను త్రోయకుండుట గమనింపదగినది. రాణి కొలువునందలి చిత్రకారుడు రుడాల్ఫ్ స్వోబోడా రామసింగు రూపమును చిత్రించెను. ఆ పటము ఆస్‌బోర్నులోనే యున్నది.

ఆస్‌బోర్నున కొయ్యనుండి పలాస్త్రికి నడచిన చేయి, లాహోరున కొయ్యనుండి ఇటుకకు నడచినది. ఇదియే ఆయన జీవితములో పెద్ద అడుగు. పంజాబు మైదానములో రాయి దుర్లభము, మట్టి సమృద్ధము. లాహోరు ఇటుకల నగరము. ఇటుక యనగా నేమి? ఒకే కొలతగల ముక్క. గోడ యనగా ఆ ముక్కల కూర్పు. ఈ మాట ఇంజనీరునకును తెలియును. కాని ఇంజనీరు గోడను ఘనపుటడుగులలో చూచును. వడ్రంగి వరుసలలో చూచును. ఒక వరుసను ఇటుక మందములో సగము ముందునకు జరిపినచో నీడగీత వచ్చును. మూలకు నిలువున పేర్చినచో పంటి వరుస వచ్చును. నడుమ నడుమ ఖాళీలు విడిచి పేర్చినచో జాలి యగును, గాలి వచ్చును, లాహోరు వేసవిలో కంటిని పొడుచు వెలుగు చల్లారును. అచ్చు ఇటుకలను కాల్చి కమానుల అంచులకు పొదిగినచో చెక్కడము వచ్చును. సున్నము పూసి పైన బొమ్మ లంటింపవలసిన పని లేదు. పింజరాలో పుష్పమే జాలియైనట్లు, ఇచ్చట గోడయే చెక్కడము.

మాలురోడ్డుపైని లాహోరు మ్యూజియమునకు 1890 ఫిబ్రవరిలో ఆల్బర్టు విక్టరు యువరాజు పునాదిరాయి వేసెను. 1894లో అది ప్రారంభమయ్యెను. కల్పన కిప్లింగు, రామసింగులది. కట్టించిన ఇంజనీరు గంగారాము. తరువాత సర్ గంగారామై, లాహోరునకు ఎన్నో ధర్మసంస్థలు ప్రసాదించినవాడు. ఢిల్లీలో 1954లో ప్రారంభమైన ఆసుపత్రి ఆయన పేరిటిదే. రాజధానిలోని తెలుగు కుటుంబములలో దాని గుమ్మ మెక్కనివి అరుదు. మ్యూజియము ఎఱ్ఱయిటుక గోడల నడుమ ముఖద్వారము మాత్రము చలువరాతితో నమర్పబడినది. చూపు నేరుగా అచ్చటికి పోవును. ఇది పెద్ద తలుపునకు చట్రము పెట్టు విద్యయే.

1886లో పునాది పడిన సంస్థానాధీశుల కళాశాల, అనగా ఐచిసన్ కళాశాల, విషయమున జయపురమందలి స్వింటన్ జాకబు పేరును, రామసింగు పేరును కలిసి వినబడును. ఈ జాకబు ఇంజనీరు, సేనాధికారి, సహృదయుడు. 1890 నుండి ఆయన ప్రకటించిన జయపుర వాస్తుచిత్ర సంపుటములు ప్రసిద్ధములు. పాతకట్టడముల యందలి పీఠములను, స్తంభములను, తలుపులను, కమానులను వేఱువేఱుగ గీయించి, సంపుటము లుగా కట్టి, నిర్మాతల ముందుంచెను. స్థానిక చిత్రకారుల చేతనే గీయించెను. పనివారిపై ఆయనకు గౌరవము మెండు. అయినను ఆ సంపుటములను చూచినచో ఇంజనీరునకును తర్ఖానునకును గల భేదము స్పష్టమగును. జాకబునకు అలంకారము నిఘంటువు వంటిది. కావలసిన పదము నేరి వాక్యములో పెట్టవచ్చును. రామసింగున కది వ్యాకరణము. పదము లేవైనను సంధి కుదిరితీరవలెను. నిఘంటువు చేతబట్టి కవిత్వము వ్రాసినవారి కట్టడములు ఆ కాలమున దేశమంతట లేచినవి. గుమ్మట మొక దేశముది, కమాను మరియొక కాలముది. వానిలో పెక్కింటి కంటె రామసింగు పని మిన్నగ నుండుటకు కారణ మీ వ్యాకరణజ్ఞానమే.

ఆయన రచనలలో పెద్దది అమృతసరమందలి ఖాల్సా కళాశాల. 1892లో ఆ సంస్థకు పునాది పడెను. ప్రధానభవనము ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో లేచెను. లాహోరు పోవు గ్రాండుట్రంకు రోడ్డుపై, విశాలమైన మైదానము వెనుక, గుమ్మటములతోను, ఛత్రులతోను, కమానుల వసారాలతోను అది దూరమునుండి రాజభవనమని భ్రాంతి గొల్పును. సిక్కుల విద్యావ్యాప్తికి ఆ సంస్థయే మూలస్తంభము. తమ గుడిని, తమ కోటను తామే కట్టుకొనిన జాతి, తమ కళాశాలను కూడ తమలోని వడ్రంగిచేతనే రూపింపజేసికొనుట సహజముగ నున్నది.

ఇచ్చట స్తోత్రపాఠము చాలును. రామసింగు శక్తికి మేర యెచ్చటనో కూడ ఆ భవనమే చూపుచున్నది. నడుమ పెద్దశాల, ఇరుప్రక్కల తరగతి గదులు, వాని ముందు వసారాలు. ఈ అమరికలో క్రొత్త ఆలోచన లేదు. ఆనాటి ప్రభుత్వ విద్యాలయములన్నిటను ఇదియే కలదు. వడ్రంగి దృష్టి అంచులపైన, ద్వారములపైన, కప్పులపైన, పిట్టగోడలపైన నిలుచును. గదికిని గదికిని నడుమ మనుష్యులెట్లు నడచెదరను దానిపై అంతగా నిలువదు. చట్రము కొలత యెవరో ఇచ్చెదరు, దానిని నింపుట తన వంతు అనుకొను అలవాటు ఇందుకు కారణము కావచ్చును. ఖాల్సా కళాశాల నెదుట నిలిచినవాని కన్ను ఒక గుమ్మటము నుండి మరియొక ఛత్రికి పరుగిడును. విశ్రమించుటకు వట్టిగోడ దొరకదు. పింజరాలో ఖాళీ యుండును, గాలి యుండును. ఇంత పెద్ద కట్టడములో ఆ ఖాళీని విడుచుటకు ఆయన చేయి రాలేదు. లాహోరు మ్యూజియములో గురువు ప్రక్కన నుండుటచేతనో యేమో, ఆ సంయమము కొంత నిలిచినది.

కిప్లింగు 1893లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోయెను. శిష్యుడు అప్పటికి దేశదేశముల పేరుగన్నవాడు; ఇంగ్లండు రాణి మన్ననలందినవాడు. అయినను ప్రిన్సిపాలు పీఠము వెంటనే దక్కలేదు. భారతీయ వాస్తుకళా చరిత్రకారుడుగ పిదప ప్రసిద్ధిగాంచిన పెర్సీ బ్రౌను 1899 నుండి పదియేండ్లపాటు ఆ పీఠమున నుండెను. 1910లో గాని రామసింగునకు అది లభింపలేదు. అప్పటి కాయనకు ఏబదిరెండేండ్లు. మూడేండ్లకే, 1913లో, పదవీవిరమణము చేసెను. సర్దార్ సాహెబ్, సర్దార్ బహద్దూర్ బిరుదములు వచ్చినవి. లాయల్‌పూర్ వ్యవసాయ కళాశాల కూడ ఆయన కల్పనలలోనిదే. 1977లో ఫైసలాబాదుగ పేరు మారిన పట్టణమది.

ఆయన పదవిని విడిచిన కాలము విచిత్రమైనది. 1911 డిసెంబరు దర్బారులో రాజధాని ఢిల్లీకి మారునని ప్రకటన వెలువడెను. నూతననగరము నెవరు కట్టవలెనను వాదము చెలరేగెను. పూర్వము మదరాసు కళాపాఠశాలకును, తరువాత కలకత్తా పాఠశాలకును ప్రిన్సిపాలుగ నుండిన హావెలు దొర, భారతీయ స్థపతులు జీవించియే యున్నారనియు, నిర్మాణమును వారి కప్పగింపవలెననియు వాదించి, 1913లో పలువురు ప్రముఖుల సంతకములతో ఇండియా కార్యదర్శికి మహజరు పంపెను. ఫలితము లేకపోయెను. పని లుటైన్సు, బేకరు దొరలకు దక్కినది. దశాబ్దములపాటు కేంద్రోద్యోగులు ఫైళ్లు మోసిన ఆ ఉత్తర, దక్షిణ బ్లాకుల రాతి నంతయు భారతీయ శిల్పులే చెక్కిరి. జాలి ఎక్కడ, ఛజ్జా ఎక్కడ, ఛత్రి ఎక్కడ అను నిర్ణయము మాత్రము వారిది కాదు. తక్షకుడు, వర్ధకి పరంజాపైననే మిగిలిరి. ఆ నగర నిర్మాణము సాగుచుండగానే 1916లో రామసింగు మరణించెను. మేయో పాఠశాలవంటి సంస్థలు పది యుండి, పదిమంది రామసింగులు సిద్ధముగ నుండినచో హావెలు మాటకు బలము వేఱుగ నుండెడిది. ఒక్కనిని చూపి సంప్రదాయము బ్రతికియున్నదని రుజువు చేయుట కష్టము.

1947 విభజనతో ఆయన కట్టడములు రెండు దేశములకు చెందినవి. ఖాల్సా కళాశాల ఇటు మిగిలెను. మ్యూజియము, ఐచిసన్ కళాశాల, మేయో పాఠశాల అటు పోయెను. భారతీయుల దృష్టికి ఆ భవనములు పరదేశమున నున్నవి. పాకిస్తానీయుల దృష్టికి స్థపతి పరుడు. ఎవరికిని తనవాడు గాక ఆయన పేరు మాసినది. లాహోరు భవనములు కిప్లింగు పేరనో, గంగారాము పేరనో చెలామణి యగుచు వచ్చినవి. మేయో పాఠశాల 1958లో నేషనల్ కాలేజి ఆఫ్ ఆర్ట్సుగ మారెను. లాహోరునకే చెందిన వాస్తుశిల్పులు పర్వేజ్ వండాల్, సాజిదా వండాల్ దంపతులు పాతకాగితములను, పటములను వెదకి, రామసింగు జీవితమును, రచనలను గూర్చి సమగ్రగ్రంథము వ్రాసిరి. ఆయన చదివిన, బోధించిన ఆ కళాశాలయే 2006లో దానిని ప్రకటించెను. అప్పటికి ఆయన మరణించి తొంబదియేండ్లు.